చెరిపేసిన తొమ్మిదో భాగం

ఒకే ఒక్కసారి ప్రసారమై, ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా పోయిన ఒక టీవీ సీరియల్ భాగాన్ని ఆనాడు చూసినవాళ్ళు కావాలని నగరం శివార్లలోని ఒక పరిశోధనశాల ప్రకటన ఇచ్చింది. హైమవతి దాన్ని చదివి, మళ్ళీ చదివి, ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టుందే అనుకుంది.

ఆ సీరియల్ పేరు 'అవతలి నీడ'. ఆమె అయిదో తరగతి చదివే రోజుల్లో వారానికొకసారి వచ్చేది. అందులో రాకెట్లూ గ్రహాలూ ఉండేవి కావు. మామూలు ఇళ్ళు, మామూలు మనుషులు, వాళ్ళ మధ్యకి వచ్చి కూర్చునే ఒక్క వింత. అన్ని భాగాలూ ఎలాగో బతికాయి కానీ తొమ్మిదోది దక్కలేదు. ఆ టేపు మీద తర్వాత ఎవరో ఎరువుల వాడకం గురించిన కార్యక్రమం ఎక్కించేశారు. దాని పేరు 'లోపలివాళ్ళు'.

విశ్వం అని ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉద్యోగి. ఒక సాయంత్రం అతనింటికి ఫోను వస్తుంది. "మీ ఇంట్లో ఒకరు మారిపోయారు" అని చెప్పి అవతలివాళ్ళు పెట్టేస్తారు. ఇంట్లో ఉన్నది తల్లి, భార్య, మామగారు, కూతురు. ఇక అక్కణ్ణించి విశ్వం వాళ్ళని చూస్తూనే ఉంటాడు. భార్య కూతురికి జడ వేస్తుంది. మామగారు గోడ గడియారానికి కీ ఇస్తాడు. తల్లి చారు నాలిక మీద వేసుకుని ఉప్పు చూస్తుంది. రోజూ చేసే పనులే, ఆ ఫోను తర్వాత ఒళ్ళు జలదరించేలా కనిపిస్తాయి. చివరికి అతను తలుపులు బిగించి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో ఎవరెలా కదులుతారో కనిపెడదామని కూర్చుంటాడు. ఆ తర్వాత ఏమైందన్న దాని మీద అభిమానుల్లో ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. మారింది మామగారేనని కొందరు, కూతురని కొందరు, అసలు మారినవాడు విశ్వమేనని కొందరు.

హైమవతి హైస్కూల్లో సైన్సు టీచరు. సెలవుల్లో ఆ సీరియల్ గురించి ఇంటర్నెట్లో రాసేది. ఆ రాతలకి కొద్దిమంది పాఠకులు ఉండేవారు. మారిందెవరు అని అందరూ అడుగుతారుగానీ ఆ ఫోను చేసిందెవరని ఎవరూ అడగరేమని ఆమె ఒకసారి రాసింది. ఆ ఫోను రాకముందు ఆ అయిదుగురూ ఒకే బల్ల చుట్టూ అన్నం తిన్నారు. వచ్చాక తినలేకపోయారు. నిజంగా ఎవరైనా మారారో లేదో దేవుడికెరుక, కానీ ఒక్క మాటతో ఇల్లు మారిపోయింది. తనని భయపెట్టింది అదేనని ఆమె రాసుకుంది. చివర మాత్రం ఆమెకీ తెలియదు. దీపాలు ఆర్పిన దృశ్యం దాకా చూసింది. ఆ తర్వాత తల తిప్పింది.

పరిశోధనశాలలో డాక్టర్ జుబేదా అనే ఆవిడ ఆమెని కూర్చోబెట్టి, కొత్త పరికరం పని ఏమిటో చెప్పింది. మనిషి ఎప్పుడో కళ్ళారా చూసినదాన్ని మెదడులోంచి బొమ్మగా బయటికి తీయడం. తీసిన బొమ్మ నిజంగా చూసిందేనా, తర్వాత కల్పించుకున్నదా అని తేల్చుకోవడం ఎలా? అందుకే వాళ్ళకి వందలమంది ఒకే గంటలో చూసి, మళ్ళీ ఎన్నడూ చూడనిదేదైనా కావలసివచ్చింది. విడివిడిగా తీసిన బొమ్మలు ఒకదానితో ఒకటి సరిపోతే పరికరం నిజం చెబుతున్నట్టే. చెరిగిపోయిన తొమ్మిదో భాగం అందుకు సరిగ్గా పనికొచ్చింది. కదలకుండా కూర్చుని వెలుగుతున్న పెట్టె వంక చూసిన చూపు కాబట్టి తీయడమూ సులువట.

దాని ఖరీదేమిటో చెప్పింది మాత్రం డాక్టరు కాదు. వరండాలో టీ తాగుతూ కేదారి అనే వరంగల్ ఆయన చెప్పాడు. అంతకు ముందు నెలలో ఆయన తన జ్ఞాపకం ఇచ్చేశాడు. తీసేటప్పుడు ఆ జ్ఞాపకం ఉన్న చోటిని ఎంత గట్టిగా మండించాలంటే, ఆ తర్వాత అక్కడ ఏమీ మిగలదు. దాన్ని అంటుకుని ఉన్నవి కూడా పోతాయి.

"అమ్మమ్మ ఒళ్ళో కూర్చొని చూసిన్నని నేనే వాళ్ళకి చెప్పిన్నట. వీడియో చూపించిన్లు, నా నోటితోనే చెప్తున్న," అన్నాడు కేదారి. "ఇప్పుడు అమ్మమ్మ ఉండేదని తెలుసు. ఆ ఒడి తెల్వదు."

ఆయన అది బాధగా అనలేదు. బాధపడటానికి కూడా ఏమీ మిగలని మనిషిలా అన్నాడు. హైమవతికి ఆ టీ సయించలేదు. ఊరుకుని ఇంటికెళ్ళిపోదామనుకుంది.

వెళ్ళేముందు డాక్టర్ జుబేదా మర్యాదకి కేదారి నుంచి తీసిన బొమ్మలు చూపించింది. విశ్వం ముఖం, గోడ గడియారం, జడ. హైమవతి తను ఎన్నేళ్ళుగానో తలుచుకుంటున్నవి ఎదురుగా కదులుతుంటే చూస్తూ ఉండిపోయింది. దీపాలు ఆరిపోయిన చోట తెర నల్లబడింది. ఆ నలుపులో మసగ్గా కిటికీ ఊచలు, వాటి ముందు నెరిసిన జుట్టున్న ఒక తల. ఇదేమిటని అడిగింది.

"అది సీరియల్లోది కాదండీ. కేదారిగారు కూర్చుని చూసిన గది. తెర నల్లబడినప్పుడు టీవీ గాజు అద్దంలా పనిచేస్తుంది కదా. మాకది మరక, చివర్లో తుడిచేస్తాం," అంది డాక్టరు.

హైమవతి భుజాన వేసుకున్న సంచీ మళ్ళీ కిందపెట్టింది.

*

గోదావరి ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే ఒక కేంద్రం, దాని పక్కనే ఉద్యోగుల కాలనీ. హైమవతి అక్కడే పుట్టి పెరిగింది. నాన్న ముత్తయ్య బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అమ్మ సరోజన, అమ్మ తమ్ముడు వీరభద్రం కూడా ఆ ఇంట్లోనే. భద్రం మామకి అప్పుడు ఇరవై దాటి ఉంటాయేమో. అప్రెంటిసుగా చేరి ఏడాదయింది. బావంటే భయం, అక్కంటే ప్రాణం.

'లోపలివాళ్ళు' వచ్చిన సాయంత్రం బాయిలర్‌లో ట్యూబు పగిలింది. మనుషులు చాలక, పిలిస్తే రావలసినవాళ్ళ వరసలో భద్రం పేరు ముందుందని సైకిలు మీద ఒకతన్ని కబురు పంపారు. తలుపు తీసింది సరోజన. తమ్ముడు ఇంట్లో లేడంది. లోపలినించి ఆ మాట విన్న ముత్తయ్య, వాడి బదులు తను వస్తానని చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఆ రాత్రి ఆవిరి గొట్టం మళ్ళీ పగిలినప్పుడు దాని ఎదురుగా ఉన్నది ఆయనే. తిరిగి రాలేదు.

దినాలు కాకముందే కాలనీ అంతా భద్రం మీద పడింది. పని తప్పించుకుని క్లబ్బులో పేకాటకి పోయాడని, తనకి రావలసిన చావులోకి బావని తోశాడని అన్నారు. భద్రం ఒక్కటే మాట చెప్పాడు. నేను ఇంట్లోనే ఉన్నాను, పిల్ల వెనక పేము కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాను. ఇంట్లోనే ఉంటే ఎందుకు లేవలేదురా అని అడిగితే దానికి మాత్రం అతని దగ్గర జవాబు లేకపోయింది. లేని జవాబే అతన్ని ముంచింది. పెద్దమనుషులు హైమని దగ్గరికి పిలిచి, మామ నీ వెనక ఉన్నాడా తల్లీ అని అడిగారు. ఆ పిల్ల తెర తప్ప ఏమీ చూడలేదు. తెలియదంది. అది నిజం.

సరోజన తమ్ముణ్ణి గుమ్మం దిగమంది. ఆ తర్వాత అతను కాలనీకి రైలు పట్టాల అవతల రేకుల ఇంట్లో చేరి, బూడిద ఎత్తే కాంట్రాక్టు పనుల్లో కుదిరాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊరు విడిచి కూడా పోలేదు. అదే అందరికీ వింతగా ఉండేది. ఎక్కడికైనా పోయి ఉంటే మర్చిపోయేవాళ్ళే. అక్క వీధిచివర ఎప్పుడైనా ఎదురుపడితే పక్కకి తప్పుకుని నిలబడేవాడు. ఆమె చూడకుండా వెళ్ళిపోయేది.

హైమవతికి ఉద్యోగం వచ్చాక ఆదివారాలు ఆ రేకుల ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అమ్మకి తెలుసు, తెలియనట్టు ఉండేది. మామ ఏనాడూ ఆ సాయంత్రం మాట ఎత్తలేదు. మంచినీళ్ళిచ్చి, పిల్లలకి ఏం పాఠం చెబుతున్నావని అడిగేవాడు. ఆమె సీరియల్ గురించి చెబితే వినేవాడు. ఈ మధ్య ఊపిరితిత్తుల నిండా బూడిదేనని డాక్టర్లు తేల్చేశారు. మంచం పక్కనే ఆక్సిజన్ సిలిండరు. మాట్లాడాలంటే ముందు ఊపిరి కూడదీసుకోవాలి.

ఈ మనిషి ఇలాగే పోతాడని హైమవతికి గుచ్చుకునేది. ఆ రోజు అతను కుర్చీలో ఉన్నదీ లేనిదీ తేల్చే సాక్ష్యం తన తలలో ఉందని ఇప్పుడు తెలిసింది. అది బయటికి తీస్తే ఏం పోతుందో కూడా తెలుసు.

దీపాలు ఆర్పిన దృశ్యం నడుస్తుండగా ఆమె తల తిప్పింది నాన్న గొంతు విని. ఎడమవైపు గుమ్మంలో ఆయన ఉన్నాడు. చంకలో పసుపు టోపీ, గుండీ పెట్టని చొక్కా. ఆమెకేసి చూసి ఏదో మందలింపుగా అని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఫోటోల్లో నాన్న బిగుసుకుని నిలబడి ఉంటాడు. కదిలే నాన్న ఆమెకి అదొక్కటే. దాన్ని ఆమె ఎంత జాగ్రత్తగా వాడుకునేదంటే, అరిగిపోతుందేమోనని ఎప్పుడంటే అప్పుడు తలుచుకునేది కాదు.

అమ్మకి చెప్పింది. సరోజన బియ్యంలో రాళ్ళేరుతూ ఉంది. పరిశోధనశాల ఏమిటో, అక్కడేం చేస్తారో హైమవతి చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. అద్దంలాగా గది కూడా కనబడుతుందన్నప్పుడు చేట పక్కన పెట్టేసింది.

"మీ నాన్నని మళ్ళొకసారి చంపుకుంటవా?"

"మామ ఉన్నడో లేడో తెలుస్తదమ్మా."

"తెలిసి ఏం చేస్తవు? ఆ రోజు జోలికి పోకు హైమా."

అమ్మ అలా అనడం దుఃఖం వల్లనే అనుకుంది హైమవతి. ఆ ఇంట్లో పెరిగిన ఎవరైనా అలాగే అనుకునేవారు.

*

నాన్న గురించి గుర్తున్నదంతా ముందు కెమెరా ముందు చెప్పమన్నారు. తర్వాత కావాలంటే చూసుకోవచ్చని. ఆమె వద్దంది. కేదారి ముఖం గుర్తొచ్చింది. తన గొంతే తనకి ఇంకొకరి కథ చెబుతుంటే వినే ఓపిక ఉండదనిపించింది.

వాలు కుర్చీలో పడుకోబెట్టి తలకి బరువైన టోపీ తగిలించారు. చేతికి ఏదో మందు ఎక్కించారు. నిద్రా కాదు మెలకువా కాదు. ముందు కిర్రుమంటూ సీరియల్ పాట, చెక్క తలుపుల టీవీ, దాని కాళ్ళ దగ్గర చాప. చాప పుల్లలు మోకాళ్ళకి గుచ్చుకోవడం కూడా తెలిసింది. విశ్వం ఫోను ఎత్తాడు. అన్నీ ఎంత స్పష్టంగా వచ్చాయంటే, ఆమె నిజంగానే పదేళ్ళ పిల్లయి వాటిని మొదటిసారి చూసింది. చూసింది చూసినట్టే వెనకనించి ఆరిపోతూ వచ్చింది. ఆరిపోతున్నదని తెలిసి ఆమె గట్టిగా పట్టుకోబోయింది. ఏది పట్టుకోవాలో అప్పటికే గుర్తులేదు.

లేచేసరికి మధ్యాహ్నమైంది. డాక్టర్ జుబేదా మంచినీళ్ళిచ్చి, మీ నాన్నగారు ఆ రోజు ఏమన్నారని మెల్లగా అడిగింది. హైమవతి ఆలోచించింది. నాన్న ఆ రాత్రి ప్రమాదంలో పోయాడని తెలుసు. ఆ సాయంత్రం తను టీవీ చూసిందని కూడా తెలుసు, తనే కదా ఇక్కడికి వచ్చింది. ఆ రెండిటి మధ్య సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఆమె తల తిప్పిన క్షణం కూడా పరికరంలో పడిందేమోనని చూశారు. కదిలే చూపుని అది అందుకోలేకపోయింది. తెలుపూ నలుపూ చారలు. వాటిలో ఒక చోట పసుపు.

దీపాలు ఆరిపోయిన దృశ్యం మాత్రం చక్కగా వచ్చింది. డాక్టరు ఒక్కొక్క బొమ్మే నిలిపి చూపించింది. నల్లటి గాజులో ముందుగా రెండు జడల పిల్ల తల. దాని వెనక, వంటింటి దీపం వెలుగులో, పేము కుర్చీ. కుర్చీలో సన్నటి కుర్రాడు.

"ఉన్నడు," అంది హైమవతి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక చాలని లేవబోయింది. డాక్టరు మాత్రం లేవలేదు. మిగతావి కూడా చూడాలండీ అంది, ఆమె వైపు చూడకుండా.

తర్వాతి బొమ్మలో ఎడమపక్క వీధి తలుపు ఒక రెక్క తెరిచి ఉంది. బయట సైకిలు దీపం. తలుపు పట్టుకుని, గదికి వీపు పెట్టి ఒక ఆడమనిషి. కుర్చీలోని కుర్రాడు చేతుల మీద బరువు వేసి సగం లేచాడు. ఆ తర్వాతి దానిలో ఆడమనిషి బయటి మనిషితో మాట్లాడుతూనే ఉంది. ఆమె కుడిచెయ్యి మాత్రం వెనక్కి వచ్చింది. అరచెయ్యి కుర్చీ వైపు తిరిగి, వేళ్ళు విప్పుకుని, కిందికి నొక్కుతున్నట్టు ఉంది. ఆ తర్వాత కుర్రాడు మళ్ళీ కూర్చున్నాడు. లోపలి గుమ్మంలో చొక్కా వేసుకుంటున్న ఒక మగమనిషి నీడ.

సీరియల్ బొమ్మలు పదిమందివి సరిపోలాయి కాబట్టి వాటికి మేం పూచీ ఉంటాం, గదికి మాత్రం ఉండలేం, అది మీ ఒక్కరిదే, ఎక్కడా సాక్ష్యంగా చెల్లదు అని డాక్టరు చెప్పింది. హైమవతి తల ఊపింది. ఆ అరచేతిని ఆమె రోజూ చూస్తుంది. పక్కింట్లో కుక్క మొరిగినప్పుడు, పాలు పొంగబోయినప్పుడు, తను జ్వరంతో లేవబోయినప్పుడు, ఆ చెయ్యి అలాగే వేళ్ళు విప్పి కిందికి నొక్కుతుంది. కదలకు అని.

మిగిలినవాళ్ళ బొమ్మలన్నీ అతికించి, తొమ్మిదో భాగాన్ని మొదటినించి చివరిదాకా ఆమెకి చూపించారు. అభిమానిగా ఆమె బతుకంతా ఎదురుచూసింది అందుకే. గాజులోని గదులన్నీ అప్పటికే తుడిచేశారు. చీకట్లో చాలాసేపు కూర్చున్నాక విశ్వం మెల్లగా లేచి, ఫోను తీసి, పక్కింటి నంబరు తిప్పుతాడు. "మీ ఇంట్లో ఒకరు మారిపోయారు" అంటాడు. అంతే, అయిపోయింది. మారిందెవరో ఆ సీరియల్ రాసినవాళ్ళు కూడా చెప్పలేదు. ఆ ఒక్క మాట బరువు తను ఒంటరిగా మొయ్యలేక ఇంకొకరి మీద పెట్టాడు ఆ మనిషి అనిపించింది హైమవతికి. ఇదివరకైతే ఆ రాత్రే కూర్చుని పదిపేజీలు రాసేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏమీ రాయలేదు.

*

మరునాడు ఆమె పట్టాల అవతలికి వెళ్ళింది. భద్రం దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. నువ్వు కుర్చీలో ఉన్నావు మామా, నేను చూశాను అని చెప్పింది. సంతోషిస్తాడనుకుంది. అతని ముఖంలో భయం కనిపించింది.

"ఇంకేం కనపడ్డది?"

పరిశోధనశాలవాళ్ళు అచ్చు తీసిచ్చిన బొమ్మని హైమవతి సంచీలోంచి తీసి ఇచ్చింది. అతను దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు. తనని చూసుకోలేదు. అక్కనే చూశాడు. వేలితో ఆ చేతిని ముట్టుకున్నాడు.

"ఇది ఎవ్వలికి చూపియ్యకు బిడ్డా," అన్నాడు ఊపిరి కూడదీసుకుని. "నేను ఉన్నన్ని రోజులన్న చూపియ్యకు."

ఎందుకు చెప్పలేదు మామా ఇన్నేళ్ళూ అని ఆమె అడిగింది. అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఉన్నానని చెప్పడం వరకే తన నోటికి వచ్చిందట. ఎందుకు లేవలేదో చెబితే అక్క పేరు వస్తుంది. అప్పటికే తాళి తెంచుకుని కూర్చున్న మనిషి, పక్కన పదేళ్ళ పిల్ల. ఆమె చెయ్యి చూపించిన మాట నిజమే, కూర్చున్నది తనే కదా. బావ తనని చూసి కూడా, అక్క మాట కాదనకుండా వెళ్ళాడు. అప్పుడైనా లేచి ఉండొచ్చు. లేవలేదు. ఆ కూర్చోవడానికి ఎంత శిక్ష పడాలో అంతే పడిందనుకున్నాడట.

పోయేముందు హైమవతి అడగడానికి సిగ్గుపడుతూ అడిగింది. ఆ రోజు నాన్న తనతో ఏమన్నాడో గుర్తుందా అని.

"అంత దగ్గర కూసోకు, కండ్లు పోతయి అన్నడు," అన్నాడు భద్రం. "నీ నెత్తి మీద చెయ్యి పెట్టబోయి, చేతికి గ్రీజు ఉందని మానుకున్నడు."

ఆమె ఆ మాటని మనసులో చెప్పుకుని చూసింది. మంచి మాటే. ఎవరి నాన్నో ఎవరి పిల్లతోనో అన్నట్టు ఉంది.

సరోజన రెండు వారాల పాటు ఏమీ అడగలేదు. వండింది, పెట్టింది, పక్క వేసుకుంది. ఒక ఉదయం జడ వేసుకుంటున్న కూతురి వెనక వచ్చి నిలబడింది.

"వాడు కనపడ్డడా?"

"కుర్చీల కూసోని ఉన్నడమ్మా."

"నేను?"

హైమవతి దువ్వెన కింద పెట్టింది. సరోజన గోడకి చేరబడి, అలాగే కిందికి జారి కూర్చుంది.

"మా అమ్మ పోతా పోతా వాణ్ణి నా చేతుల పెట్టింది," అంది. "బాయిలర్ల పని అంటే వానికి కాళ్ళు వణికేటియి. లేడంటే ఇంకో ఇంటికి పోతరనుకున్న. మీ నాన్న వింటడనుకోలే."

ఆ తర్వాత ఆ మాట అందరి ముందూ అనవలసి వచ్చిందట. అత్తవారి వైపువాళ్ళు అందరూ కూర్చుని అడిగితే, లేడనే చెప్పిందట మళ్ళీ. ఒకసారి అన్నాక ఇంకెలా మార్చగలదు. మొగుణ్ణి తను పంపినట్టు అవుతుంది. వాణ్ణి చూసినప్పుడల్లా ఆ అబద్ధమే నడిచి వచ్చినట్టు ఉండేది, అందుకే చూడలేకపోయానంది. ఏడవలేదు. పొడి కళ్ళతో కూతుర్ని అడిగింది.

"ఆ మిషను నా తలలకెల్లి గూడ తీస్తదా?"

అంత పెద్దవాళ్ళకి చెయ్యరని హైమవతి చెప్పింది. అది నిజమే. చేసినా తను తీసుకెళ్ళి ఉండేదా అన్నది ఆమె తర్వాత చాలాసార్లు ఆలోచించింది.

"అయితే నన్ను వాని కాడికి తీస్కపో," అంది సరోజన.

ఆటోలో వెళ్ళారు. పట్టాలు దాటాక ఇల్లు ఎక్కడో సరోజనే చూపించింది. అన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళని దారి. అక్కని గుమ్మంలో చూసి భద్రం లేవబోయాడు. ఆమె చప్పున చెయ్యి ఎత్తి, మళ్ళీ ఆ చేతినే చూసుకుని, పమిట చెంగులోకి లాక్కుంది. మంచం అంచున కూర్చుంది. తమ్ముడి పాదాలు ఎముకలుగా ఉన్నాయి. వాటిని ఒళ్ళోకి తీసుకుంది.

"నువు ఇంట్లనే ఉన్నవురా తమ్మీ. నా ఎనకనే ఉన్నవు. నేనే లేవొద్దన్న."

భద్రం ఊపిరి కోసం ఆగాడు. సిలిండరు బుసకొడుతోంది.

"లేనక్కా," అన్నాడు. "నేను క్లబ్బు కాడ ఉన్న. నువు చెప్పిందే నిజం."

ఆమె కాదంది. అతను అవునన్నాడు. అన్నేళ్ళూ ఊరంతా ఎదురైనా ఉన్నానన్న మాట మీద నిలబడ్డ మనిషి, ఒప్పుకోవలసినామె వచ్చి ఒప్పుకుంటే, ఆ మాట వదిలేశాడు. ఆమె మీద కోపంతో కాదు, అది హైమవతికి కనబడుతూనే ఉంది. కానీ సరోజనకి అది తలుపు మూసినట్టే అయింది. క్షమించమని అడగడానికి తప్పంటూ ఉండాలి కదా. ఆ తప్పుని అతను ఆమెకి దక్కనివ్వలేదు.

ఆమె ఇంటికి రానంది. భద్రం పోయేదాకా ఆ రేకుల ఇంట్లోనే ఉండి గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది. రోజూ ఏదో ఒక వేళ ఉన్నవురా అనేది. లేనక్కా అనేవాడు. వానలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం అతను జవాబు చెప్పలేదు.

ఆనాటి కాలనీవాళ్ళలో మిగిలినవాళ్ళు చూడటానికి వచ్చారు. సరోజన శవం తల దగ్గర కూర్చుని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. వీడు ఇంట్లనే ఉండె, నేనే అబద్ధమాడిన. వాళ్ళు ఆమె భుజం నిమిరి, అవునులే అని, పక్కకి వచ్చి గుసగుసలాడుకున్నారు. తమ్ముడు పోయిన దెబ్బకి ముసలామెకి మతి చలించిందన్నారు. చావు దగ్గర మంచే మాట్లాడాలని, చచ్చినవాడి తప్పు కడిగి పంపుతోందన్నారు. పేకాటకి పోయిన మాట తమకి తెలియనిదా అన్నారు.

ముత్తయ్యతో పనిచేసిన ఒక పెద్దాయన కర్ర పొడుచుకుంటూ హైమవతి దగ్గరికి వచ్చాడు. ఆమె సంచీలో బొమ్మ ఉంది. మామ పోయాడు కాబట్టి చూపించవచ్చు. చూపిస్తే, ఇప్పటి మిషన్లు ఏ బొమ్మనైనా తయారు చేస్తాయి కదమ్మా అంటాడని ఆమెకి తెలుసు.

"మీ అమ్మ చెప్పేది నిజమేనా బిడ్డా? నువు ఆడనే ఉంటివి గదా."

"నిజమే. మామ నా ఎనక కూసోని ఉన్నడు. నేను చూసిన."

"మరి అప్పుడు అడిగితే తెల్వదంటివి. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

హైమవతి తలుచుకోబోయింది. తెల్లగోడ.

"గుర్తు లేదు," అంది. "చూసిన."

పెద్దాయన ఆమె ముఖంలోకి కాసేపు చూసి, తల్లి వైపు చూసి, చెప్పులు వెతుక్కున్నాడు.